పాత జెన్‌కు స్ప్రింగులు, షాక్‌లు ఎంచుకునేటప్పుడు ఏమేమి కొలవాలి

ప్రొద్దుటూరు నుంచి మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారు 1999లో కొన్న పెట్రోలు మారుతి జెన్‌ను మీరు ఇప్పటికీ వాడుతున్నారు. నలుగురు ఎక్కితే వెనుక భాగం కుంగి, ఎర్రగుంట్ల దారిలో స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగులుతోంది. ఒక మెకానిక్ వేరే కారు నుంచి తీసిన లావు తీగ స్ప్రింగులు వేద్దామన్నారు. ఇంకొకరు స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెడితే చాలన్నారు. అంగట్లో 'జెన్ షాక్‌లు' అని ఇచ్చినవి మీ పాతవాటితో పోల్చితే పొడవులోను, చివర బోల్టు దూరే కంటి బుష్‌లోను తేడాగా ఉన్నాయి. వీటిలో ఏది సరైనదో, ముందు చక్రాలకు కూడా మార్చాలో తెలియక అడిగారు. కడపలో 30 ఏళ్లకు పైగా కార్ల సస్పెన్షన్ పనే చేస్తున్నవాడిగా నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

కారు బరువును మోసేది స్ప్రింగు. షాక్ అబ్జార్బరు బరువు మోయదు. స్ప్రింగు అణిగి లేచిన తరువాత మిగిలే ఊపును అణచడం దాని పని. గ్యాస్ నింపిన షాక్‌లో కడ్డీని బయటకు నెట్టే బలం కొంత ఉంటుంది గాని, కుంగిన బండిని తిరిగి నిలబెట్టడానికి అది ఎంత మాత్రం చాలదు. కాబట్టి మీ బండి ఎత్తు తగ్గిందంటే అది స్ప్రింగుకు సంబంధించిన ఫిర్యాదు. గతుకు దాటిన తరువాత బండి రెండు మూడు సార్లు ఊగుతున్నా, టైరు మీద అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరుగుదల కనిపిస్తున్నా అది షాక్‌కు సంబంధించిన ఫిర్యాదు. 25 ఏళ్లు దాటిన బండిలో రెండూ కలిసి ఉండడం సహజమే. అయినా దేనిది దానికి వేరుగా తేల్చుకోకపోతే, షాక్‌లు కొని వేసి 'బండి ఇంకా లేవలేదు' అని వచ్చేవారిలో మీరూ ఒకరవుతారు. అలా వచ్చేవారు నా దగ్గరకు నెలకు ఒకరైనా ఉంటారు.

పాత స్ప్రింగు మెత్తబడిందని అందరూ అంటారు. నిజానికి స్ప్రింగు గట్టితనం నాలుగు అంశాల మీద ఆధారపడి ఉంటుంది: ఉక్కు గుణం, తీగ మందం, చుట్టు వ్యాసం, పని చేసే (అంటే అణిగి లేచే) చుట్ల సంఖ్య. తుప్పు పట్టి తీగ సన్నబడితే తప్ప, ఏళ్లు గడిచినంత మాత్రాన ఇవేవీ చెప్పుకోదగినంతగా మారవు. మారేది బరువు లేనప్పుడు ఉండే పొడవు. దీన్ని ఖాళీ పొడవు అందాం. ఏళ్ల తరబడి బరువు మోసిన ఉక్కు కొద్దికొద్దిగా కుదించుకుపోయి, తీసి పక్కన పెట్టినా తిరిగి మొదటి పొడవుకు రాదు. ఖాళీ పొడవు 15 మి.మీ. తగ్గితే, స్ప్రింగు నేరుగా ఇరుసు మీద నిలబడినప్పుడు ఆ వైపు బండి కూడా దాదాపు 15 మి.మీ. కిందికి దిగుతుంది. దీన్నిబట్టి మీకు కావలసింది ఇప్పటికన్నా గట్టి స్ప్రింగు కాదని, మొదట ఉన్న గట్టితనంతోనే మొదటి పొడవు ఉన్న స్ప్రింగని తెలుస్తుంది. లావు తీగ స్ప్రింగు సలహా ఇక్కడే దారి తప్పింది.

ఇంత చిన్న మార్పు ఎంత పెద్ద తేడా తెస్తుందో ఒక ఉదాహరణతో చూపిస్తాను. ఇవి మీ జెన్ కొలతలు కావు, లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. 10 మి.మీ. తీగతో, చుట్టు సగటు వ్యాసం 100 మి.మీ. ఉండి, పని చేసే చుట్లు 6 ఉన్న స్ప్రింగు ఒక్కొక్క మిల్లీమీటరు అణగడానికి సుమారు 1.7 కిలోల బరువు కావాలి. తీగ మందం పెరిగితే గట్టితనం ఆ మందం యొక్క నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే తీగ 10 నుంచి 10.5 మి.మీ. అయితే గట్టితనం 21 శాతానికి పైగా, 11 మి.మీ. అయితే 46 శాతం పెరుగుతుంది. అర మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. దాన్ని పట్టుకోవడానికి వెర్నియర్ కాలిపర్ కావాలి. అది లేకుండా 'చూడడానికి ఒకేలా ఉన్నాయి' అని స్ప్రింగు కొనడం వద్దని గట్టిగా చెబుతాను.

గట్టితనం పెరిగితే ఎత్తు కూడా మారుతుంది. అదే ఉదాహరణలో ఒక్కొక్క స్ప్రింగు మీద 200 కిలోల బరువు ఉంటే మొదటిది సుమారు 119 మి.మీ. అణుగుతుంది. 10.5 మి.మీ. తీగది సుమారు 98 మి.మీ. మాత్రమే అణుగుతుంది. రెండింటి ఖాళీ పొడవు సమానమైతే, రెండోది వేసిన బండి 21 మి.మీ. ఎత్తుగా నిలబడుతుంది. కుంగిన బండి లేచింది కదా అని మొదటి రోజు సంతోషంగానే ఉంటుంది. ఒక్కరే నడిపేటప్పుడు మాత్రం వెనుక భాగం ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మలుపులో పట్టు తగ్గుతుంది, వెనుక కూర్చున్న పెద్దవారికి నడుము నొప్పి పుడుతుంది. అందుకే స్ప్రింగును పోల్చవలసింది ఖాళీ పొడవుతో మాత్రమే కాదు. మీ బండి బరువు మీద పడినప్పుడు అది ఎంత పొడవులో నిలుస్తుందన్నదే అసలు పోలిక.

ఆ బరువు తెలుసుకోవడం మన ఊళ్లలో కష్టం కాదు. నాపరాళ్ల లారీలు తూకం వేసే వేబ్రిడ్జిలు ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఉన్నాయి. ముందు చక్రాలు మాత్రం కాటా మీద ఉంచి ఒకసారి, వెనుక చక్రాలు మాత్రం ఉంచి ఇంకోసారి తూయించండి. లారీ కాటా 5, 10 కిలోల తేడాతో చూపించినా మన పనికి సరిపోతుంది. వెనుక తూకంలోంచి ఇరుసు, చక్రాలు, బ్రేకు డ్రమ్ముల బరువు తీసివేయాలి, ఎందుకంటే వాటిని స్ప్రింగు మోయదు, టైరే మోస్తుంది. ఖాళీ బండికి ఒకసారి, మీరు మామూలుగా వెళ్లే నలుగురితో ఇంకోసారి తూస్తే ఇంకా మంచిది. మీ నాన్నగారి కాలంలో డిక్కీలో గ్యాస్ కిట్ సిలిండరు బిగించి ఉంటే, ఆ సిలిండరు బరువే స్ప్రింగులను ముందుగా కుంగదీసి ఉండవచ్చు. దాన్ని ఇప్పుడు వాడకపోతే సిలిండరుతో పాటు దాని ఇనుప చట్రాన్ని కూడా తీయించి, ఆ తరువాత తూకం వేయించండి.

ఎత్తు కొలవడానికి కూడా ఒక పద్ధతి ఉంది. సమతలమైన నేల మీద, టైర్లలో సరైన గాలి ఉంచి, బండిని ముందుకూ వెనుకకూ కాస్త దొర్లించి ఆపండి. జాకీ దించిన వెంటనే కొలిస్తే చక్రాలు లోపలికి లాగి ఉండి కొలత తప్పు వస్తుంది. చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు మూలలా కొలిచి కాగితం మీద రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలో కలిసిపోతుంది. డ్రైవరు ఒక్కరే ఎక్కువగా తిరిగిన బండిలో కుడివైపు కాస్త ఎక్కువ దిగి ఉంటుంది. రెండు వైపులకూ 10 మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉంటే స్ప్రింగు విరిగిందేమో చూడాలి. తీగ చివరి చుట్టు దగ్గర, స్ప్రింగు కూర్చునే గిన్నె అయిన సీటు లోపల విరిగితే బయటి నుంచి కనిపించదు. ఆ ముక్క సీటులోనే ఉండిపోతుంది, బండి మాత్రం ఒక వైపు ఒరుగుతుంది.

ఇక సరైన భాగం ఏదో నిర్ణయించే విషయానికి వస్తాను. అంగట్లో 'జెన్' అని మాత్రమే అడగవద్దు. మీది 1993 నుంచి 2006 వరకు వచ్చిన పాత జెన్. 2006 చివరలో 'జెన్ ఎస్టిలో' అనే పేరుతో వచ్చింది పూర్తిగా వేరే నిర్మాణం మీద తయారైన వేరే కారు. పేరులో జెన్ ఉన్నందువల్ల కొన్ని అంగళ్లలో ఆ కారు షాక్‌లు మీ బండివని ఇస్తారు. మీకు తేడాగా కనిపించినవి బహుశా అవే. రెండో చిక్కు డీజిల్. 1998లో ప్యుజో సంస్థ 1527 సీసీ ఇంజనుతో డీజిల్ జెన్ వచ్చింది. పెట్రోలు జెన్‌లో ఉన్నది 993 సీసీ ఇంజను. డీజిల్ ఇంజను బరువు ఎక్కువ కాబట్టి దాని ముందు స్ప్రింగులు ఆ బరువుకు తగినవి. అవి మీ బండికి పనికిరావు.

ఈ విషయం నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక పెట్రోలు జెన్‌కు ముందు స్ప్రింగులు అవసరమైతే, ఒక అంగడివారు ఇచ్చినవి కొలవకుండా బిగించాను. ముందు భాగం రెండు వేళ్లు పైకి లేచింది, వెనుక భాగం మరింత కుంగినట్టు కనిపించింది. చక్రాల కోణం మారి, కొత్త టైర్లు కొన్ని వేల కిలోమీటర్లకే ఒక అంచున అరిగిపోయాయి. అవి డీజిల్ బండివని టైర్లు పోయిన తరువాత తెలిసింది. ఆ బండి యజమానికి టైర్ల డబ్బు నేనే ఇచ్చాను. ఆ రోజు నుంచి ఏ స్ప్రింగునైనా తీగ, వ్యాసం, చుట్లు, పొడవు కొలిచి రాసుకోకుండా బిగించలేదు.

మీరు ఆర్‌సీలోని చాసిస్ నంబరు తీసుకొని మారుతి విడిభాగాల కౌంటరులో అడగండి. ఆ నంబరుతో కేటలాగులో మీ బండికి వచ్చిన అసలు భాగం నంబరు తెలుస్తుంది. భాగం ఇప్పుడు నిల్వలో లేకపోయినా నంబరు తెలియడమే పెద్ద లాభం. దాని ఆధారంగా గాబ్రియేల్, మన్రో వంటి షాక్ తయారీదారుల జాబితాల్లో సరిపోయేవి వెతకవచ్చు. ఏసీ ఉన్న బండా లేనిదా అన్నది కూడా తప్పకుండా చెప్పండి. కంప్రెసరు, కండెన్సరు ముందు భాగం మీద బరువు పెంచుతాయి కాబట్టి చాలా కార్లలో ముందు స్ప్రింగులు దాన్నిబట్టి మారుతాయి. పాత స్ప్రింగు మీద రంగు చుక్కలు మిగిలి ఉంటే తుడిచేయకండి, ఫోటో తీసుకోండి. తయారీదారులు స్ప్రింగుల రకాన్ని గుర్తించడానికి వేసే గుర్తులు అవి.

స్ప్రింగు చివరల ఆకారం కూడా చూడాలి. కొన్నింటి చివరి చుట్టు చిన్నదవుతూ లోపలికి తిరుగుతుంది, కొన్నింటిది చదునుగా అరగదీసి ఉంటుంది, కొన్నింటిది అలాగే వదిలేసి ఉంటుంది. సీటు ఏ ఆకారానికి చేశారో ఆ ఆకారమే కూర్చుంటుంది. పొడవు, మందం అన్నీ సరిపోయి చివర మాత్రం సరిపోకపోతే, స్ప్రింగు పక్కకు వంగి సీటును కొరుకుతూ ప్రతి గతుకుకూ టక్కుమని శబ్దం చేస్తుంది.

షాక్ ఎంచుకోవడం స్ప్రింగు నిర్ణయమైన తరువాతే మొదలుకావాలి. మీ జెన్ వెనుక ఇరుసు మొత్తం ఒకే దండంగా ఉంటుంది, స్ప్రింగు వేరుగా, షాక్ వేరుగా బిగిసి ఉంటాయి. ఇది మీకు అనుకూలం, ఎందుకంటే కొలతలు సులభంగా తీయవచ్చు. బండి బాడీని స్టాండ్ల మీద గట్టిగా నిలిపి, షాక్‌లూ స్ప్రింగులూ తీసి, జాకీతో ఇరుసును బంప్ స్టాపరుకు (ఇరుసు బాడీకి కొట్టుకోకుండా ఆపే రబ్బరు) తగిలే వరకు లేపండి. పెద్ద గుంతలో ఆ రబ్బరు సగం వరకు నలుగుతుందని లెక్క వేసుకొని, షాక్ పై బిగింపు నుంచి కింది బిగింపు వరకు దూరం కొలవండి. పూర్తిగా ముడుచుకున్న షాక్ పొడవు దీనికన్నా కనీసం 10 మి.మీ. తక్కువగా ఉండాలి. లేకపోతే దెబ్బ రబ్బరు మీద కాకుండా షాక్ లోపలి వాల్వు మీద పడి, అది కొద్ది నెలల్లోనే పాడవుతుంది. తరువాత స్ప్రింగులు తిరిగి పెట్టి, ఇరుసును మెల్లగా దించండి. బ్రేకు హోసు ఇంకా కాస్త వదులుగా ఉండగానే, స్ప్రింగు సీటులోంచి జారిపోకముందే ఆగి, అదే దూరం కొలవండి. షాక్ పూర్తిగా చాచిన పొడవు దీన్ని మించకూడదు. మరీ పొట్టిదైతే చక్రం గుంతలోకి దిగేటప్పుడు షాకే గొలుసులా పట్టి లాగుతుంది. కంటి బుష్ లోపలి వ్యాసం, వెడల్పు, పైన బోల్టు రకమా కన్ను రకమా అన్నవి ఆ తరువాత చూడాలి. అవి సరిపోయినంత మాత్రాన షాక్ సరిపోయినట్టు కాదు. అంగట్లో ఎక్కువమంది చూసేది అవి రెండే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

షాక్ బలం కూడా స్ప్రింగుతో ముడిపడి ఉంటుంది. స్ప్రింగు గట్టితనం 46 శాతం పెరిగితే, బండి అంతే నిలకడగా ఉండడానికి షాక్ బలం సుమారు 21 శాతం పెరగాలి. పాత బలంతోనే ఉన్న షాక్ వేస్తే ఊపు ఆగడానికి ఎక్కువ సమయం పడుతుంది. రాయచోటి నుంచి గువ్వలచెరువు ఘాట్ దిగి కడపకు వచ్చేటప్పుడు, మలుపులో బ్రేకు వేసిన క్షణాన రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంటే ఆ తేడా ఎంత ప్రమాదమో తెలుస్తుంది. మూల గట్టితనం ఉన్న స్ప్రింగునే వేస్తే మూల రకం షాక్ చాలు. 'హెవీ డ్యూటీ' అని వేరే వెతకవలసిన అవసరం లేదు.

రబ్బరు బఫర్ల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వేయవద్దు. అవి పని చేసే చుట్లలో ఒకటి రెండింటిని బంధించి మిగిలినవాటి మీదకు పని నెడతాయి. 6 చుట్లలో ఒకటి ఆగిపోతే గట్టితనం 20 శాతం పెరుగుతుంది. బఫరు తాకే చోట రంగు పోయి, దుమ్ము చేరి, పాత తీగ అక్కడే విరగడం చాలాసార్లు చూశాను. కొలిమిలో కాల్చి స్ప్రింగును సాగదీసి ఇస్తామనేవారు కూడా ఉన్నారు. లారీ కమాన్ పట్టీలను వంపు తిప్పి, నీళ్లు పట్టి సరిచేసే పనికి మన వైపు మంచి పనివాళ్లున్నారు, అది వేరే విద్య. కాయిల్ స్ప్రింగును మాత్రం మామూలు కొలిమిలో కాలిస్తే దాని పదును పోతుంది. కొన్ని నెలలకు తిరిగి కుంగుతుంది, లేదా విరుగుతుంది.

గుజిరీ స్ప్రింగులు పూర్తిగా కూడవని నేను అనను. కొత్తవి దొరకనప్పుడు అదే మోడల్ బండివి తెచ్చి, రెండింటి ఖాళీ పొడవులు పక్కపక్కన నిలబెట్టి పోల్చి, తీగ మీద లోతైన తుప్పు గుంటలు లేవని చూసుకుంటే పని జరుగుతుంది. అయితే అవి కూడా మీవాటిలాగే ఏళ్ల తరబడి బరువు మోసినవి. షాక్‌లు మాత్రం గుజిరీవి ఎప్పుడూ తీసుకోవద్దు. బండి ఎత్తు పెంచడానికి మూల నిర్మాణానికి భిన్నమైన మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను కూడా అడ్డు వస్తుంది. మీ బండికి 2014లోనే 15 ఏళ్లు నిండాయి కాబట్టి ప్రతి 5 ఏళ్లకూ రిజిస్ట్రేషను పునరుద్ధరణకు తనిఖీకి వెళ్లవలసి ఉంటుంది.

ముందు చక్రాలకు కూడా మార్చాలా అని అడిగారు. ఒకే ఇరుసు మీద ఎడమ, కుడి జతగా మార్చడం తప్పనిసరి. ముందు, వెనుక కలిపి మార్చడం తప్పనిసరి కాదు. మీ ముందు ఎత్తులు రెండు వైపులా సమానంగా ఉండి, స్ట్రట్ (ముందు చక్రం దగ్గర స్ప్రింగు, షాక్ కలిసి ఉండే భాగం) కడ్డీ పొడిగా ఉంటే వాటిని వదిలేయండి. సీలు దగ్గర సన్నని నూనె తడి ఉంటే భయపడనక్కర లేదు. నూనె ట్యూబు మీదుగా కారి దుమ్ము పేరుకుంటేనే అది పాడైనట్టు. సిమెంటు, నాపరాతి దుమ్ము ఎక్కువగా ఉండే మన దారుల్లో కడ్డీ మీది రబ్బరు తొడుగు చిరిగితే క్రోము గీతలు పడి సీలు త్వరగా పోతుంది. కాబట్టి ఆ తొడుగు, బంప్ స్టాపరు, పై మౌంటు బేరింగు కూడా అప్పుడే మార్పించండి. ముందు స్ట్రట్ విప్పవలసి వస్తే స్ప్రింగును నొక్కి పట్టే పరికరం (స్ప్రింగు కంప్రెసరు) లేని చోట ఆ పని చేయించవద్దు. తాడుతోనో వైరుతోనో స్ప్రింగును కట్టి పై నట్టు విప్పితే ప్రాణం మీదకు వస్తుంది.

కొత్త షాక్‌ను బిగించే ముందు నిలువుగా పట్టుకొని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగాలి, అడ్డంగా నిల్వ ఉన్నప్పుడు లోపల చేరిన గాలి అప్పుడే పోతుంది. కడ్డీని పట్టకారుతో పట్టనివ్వకండి. బుష్ బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా వదులుగా మాత్రమే పెట్టించి, బండి నేల మీద తన బరువుతో నిలబడిన తరువాత చివరి బిగింపు వేయించండి. ముందే బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండి తొందరగా చిరిగిపోతుంది. కొత్త స్ప్రింగులు సుమారు 500 కిలోమీటర్లు తిరిగాక కొద్దిగా సర్దుకుంటాయి. అప్పుడు నాలుగు మూలల ఎత్తులూ తిరిగి కొలిచి, ముందు రాసుకున్న కాగితంతో పోల్చి, వీల్ అలైన్‌మెంటు ఆ తరువాత చేయించండి. పాత స్ప్రింగులను అప్పటి వరకు ఎవరికీ ఇవ్వకండి. ఎత్తు అనుకున్నట్టు రాకపోతే, కొత్తవాటి పక్కన నిలబెట్టి కొలవడానికి అవి కావాలి.